గొడుగు కింది పువ్వు

మార్చి నెలలో మా ఊళ్ళో ఎవరి పెరట్లోనైనా నేలలో గుచ్చిన గొడుగు కనబడితే దాని జోలికి ఎవరూ పోరు. పిల్లల బంతి దాని పక్కన పడినా సరే, ఇంటివాళ్ళని పిలిచి తీయించుకుంటారు. వానకీ గాలికీ పాడవకుండా గొడుగు కింద డాఫోడిల్ పువ్వు ఉందంటే అది వసంత పోటీలో బల్లకెక్కబోయే పువ్వని అర్థం. పక్కింటివాడి పెళ్ళాన్ని లేపుకుపోయినవాణ్ణి మా కార్న్‌వాల్ వాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు క్షమిస్తారేమో గానీ, పక్కింటివాడి గొడుగు ముట్టుకున్నవాణ్ణి క్షమించిన దాఖలా నేనెరగను.

నా పేరు లవ్‌డే ట్రెజెంజా. డెబ్బై దాటాయి. ఒళ్ళు సహకరించినన్నాళ్ళూ ఈ ఊళ్ళో ఇంటింటికీ పాలు పోశాను. పెళ్ళి చేసుకోలేదు, ఎవరి దగ్గరా చేయి చాచలేదు, ఎవరి చేతా మాట పడలేదు. నేనన్న మాటలు మాత్రం చాలామంది పడ్డారు.

ఆ ఏడు నా పెరట్లో ఉన్నది ఒకే గొడుగు, దాని కింద ఒకే పువ్వు. అందరిలా కొన్న దుంప నాటి పూయించింది కాదది. ఒక తెల్ల డాఫోడిల్ పుప్పొడిని బొమ్మలేసే కుంచెతో తీసి ఇంకోదానికి అద్ది, కాయ కాయించి, ఆ గింజ నాటి పెంచినది. గింజ నుంచి డాఫోడిల్ పూయాలంటే ఏళ్ళు పడుతుంది. మొదటి ఏడు గడ్డిపోచ, రెండో ఏడు ఇంకాస్త లావు గడ్డిపోచ, అంతే. మా తోటల సంఘంలో అందరికన్నా ఎక్కువ బహుమతులు కొట్టే జోరీ నాన్‌కారో ప్రతి వసంతంలోనూ కంచె మీద మోచేతులు ఆనించి ఆ పోచల్ని చూసి వెక్కిరించేవాడు.

"గింజలా! నువ్వు చర్చి వెనక పడుకున్నాక పూస్తాయే లవ్‌డే, సరిగ్గా నీ నెత్తి మీద."

ఆరేళ్ళు విన్నాను ఆ మాట. ఆ ఏడు మొగ్గ వచ్చింది. పోటీ శనివారం. ఊరి హాల్లో, ఆకుపచ్చ బట్ట పరిచిన బల్ల మీద, జోరీ పువ్వు పక్కన నా పువ్వు ఒక్కసారి నిలబడాలి. నాకు కావలసింది అంతే. వచ్చే ఏడు పెట్టుకోవచ్చు కదా అంటారా? నా వయసుకి వచ్చి చెప్పండి ఆ మాట.

పోటీకి సరిగ్గా వారం ముందు, వాన కురుస్తుంటే, మొగ్గ ఎలా ఉందో చూద్దామని పెరట్లోకి వెళ్ళాను. పలకరాతి మెట్టు మీద నాచు ఉంది. కాలు జారి తుంటి విరగ్గొట్టుకున్నాను. ఆ మెట్టు గీకాలి, గీకాలి అని శీతాకాలమంతా అనుకుంటూనే ఉన్నాను, కాబట్టి తిట్టుకోవడానికి ఇంకెవరూ లేరు.

పట్నంలో ఆసుపత్రిలో చేర్చి తుంటికి ఉక్కు కీలు వేశారు. నొప్పి సంగతి అలా ఉంచండి. మంచం మీద పడుకుని నేను ఆలోచించినదంతా ఆ మొగ్గ గురించే. ఈపాటికి విచ్చుకుంటుంది. గొడుగు కింద ఒంటరిగా పూసి, ఎవరూ చూడకుండానే వాడిపోతుంది. జోరీకి కబురు పెడితే వచ్చి కోసి బల్ల మీద పెట్టేవాడేమో. మా నియమం ప్రకారం పువ్వు ఎవరు మోసుకొచ్చినా పర్వాలేదు, పెంచింది మాత్రం చీటీ మీద పేరున్నవాళ్ళే కావాలి. కానీ జోరీని అడగడమా? ఒకరికి రుణపడటం నా ఒంటికి పడదు. నర్సు ఫోను చేతికిచ్చింది కూడా. ఎవరికీ చేసేది లేదని తిరిగిచ్చేశాను.

మంగళవారం మధ్యాహ్నం డెనీస్ వచ్చింది.

డెనీస్ నా పక్కింట్లో అద్దెకుంటుంది. నలభై ఉంటాయి. ఎక్కడో బర్మింగ్‌హామ్ వైపు మనిషి. కిందటి ఆకురాలు కాలంలో దిగింది, రేవు దగ్గర చేపల షెడ్డులో పని. వేసవిలో మా తీరానికి దిగే పైవాళ్ళని మేం చీమలంటాం. ఇది వేసవి పోయాక దిగిన చీమ. మా ఇద్దరి మధ్యా అప్పటిదాకా నడిచిన సంభాషణంతా దాని చెత్తబుట్ట గురించీ, నా కంచె మీద పడే దాని తడిబట్టల గురించీ. మాట్లాడింది నేను, విన్నది అది.

అలాంటి మనిషి బస్సెక్కి, పట్నం దాకా వచ్చి, నా మంచం పక్కన నిలబడి నవ్వుతోంది. ఒక చేతిలో నీళ్ళు పోసిన గ్లాసు. ఇంకో చేతిలో నా గొడుగు.

"ఎలా ఉన్నారండీ లవ్‌డే గారూ? ఈ గోడలు చూసుకుంటూ పడుకునుంటారు కదా పాపం అనిపించింది. మీ పెరట్లో ఒకే ఒక్క పువ్వుందండీ, ఎంత బావుందో! చూసుకుంటారని కోసుకొచ్చేశా. దాని మీద ఈ గొడుగు ఎగిరొచ్చి పడిందండీ. నలిగిపోలేదు, అదృష్టం. గొడుగు కూడా తెచ్చేశా, ఇంటికెళ్ళేరోజు వానొస్తే పనికొస్తుందని."

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఆరోజు తెలిసింది నాకు. గ్లాసు లోతుకి సరిపడేలా వంటింటి కత్తెరతో కాడ కత్తిరించింది. పోటీలో మొదటిది రావాలంటే కాడ మూర పొడుగుండాలి. ఇది జానెడు కూడా లేదు.

నోరు తెరిచాను. ఏం తిట్లు వచ్చాయో ఇప్పుడు గుర్తు లేదు గానీ, ఎదురు మంచంలో నిద్రపోతున్న ముసలావిడ లేచి కూర్చుంది. అది పోటీ పువ్వనీ, గింజ నుంచి ఆరేళ్ళు పెంచాననీ, ఆ గొడుగు ఎగిరొచ్చింది కాదు, నేనే గుచ్చాననీ, ఈ కౌంటీ మొత్తంలో అలాంటి పని చేసేవాళ్ళు ఇంకొకరు లేరనీ అన్నాను. డెనీస్ ముఖం మొదట ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది, తర్వాత ఏడ్చింది.

"నాకు తెలీదండీ. ఒట్టు. నాకు నిజంగా తెలీదు."

అప్పుడు, అంత కోపంలోనూ, నా చూపు గ్లాసు మీద పడింది. నేను ఇంటి దగ్గర చూసింది మొగ్గనే. పూర్తిగా విచ్చుకున్న పువ్వుని చూడటం అదే మొదలు. రేకులు పాలమీగడ తెలుపు. మధ్యలో గిన్నె పండిన ఆప్రికాట్ రంగు. గొంతులో చిన్న ఆకుపచ్చ చుక్క. నేను కలలో కూడా అంత బాగా వస్తుందనుకోలేదు. తిడుతున్నదాన్ని తిడుతున్నట్టే ఆగిపోయాను.

గొడవ విని బెవ్ పరుగెత్తుకొచ్చింది. బెవ్ మా వార్డు నర్సు, పెద్ద మనిషి, పెద్ద గొంతు.

"ఏంటి బంగారం, ఎవర్ని చంపుతున్నావ్? ఇంకా కుట్లు విప్పలేదు నీకు."

"ఈ వేడికి ఇది రేపటికి చస్తుంది. చల్లగా ఉంటే శనివారం దాకా నిలుస్తుంది. చల్లటి చోటుందా ఇక్కడ?" అని అడిగాను. తిట్టడానికి తప్ప నోరు విప్పని మనిషిని, ఎలా అడిగానో నాకే తెలియదు.

"మందుల ఫ్రిజ్‌లో పెడితే నా ఉద్యోగం పోతుంది. మా టీ గదిలో ఉందిలే ఓటి. పాలూ, పెరుగూ, ఆపిల్స్..."

"ఆపిల్స్ తీసెయ్యాలి. పక్కన పళ్ళుంటే పువ్వు తొందరగా ముసలిదైపోతుంది."

"నాకూ అదే జరిగింది బంగారం, మా ఆయన పక్కనుండి" అని బెవ్ గ్లాసు అందుకుంది. ఆరోజు సాయంత్రం వార్డులో అందరికీ అడక్కుండానే ఆపిల్ ముక్కలు వచ్చాయి.

డెనీస్ ముక్కు తుడుచుకుని, "నేనిప్పుడేం చెయ్యాలండీ?" అంది.

"ఏం చెయ్యకు. నువ్వు చేసింది చాలు" అన్నాను.

మర్నాడు అది జోరీని వెంటబెట్టుకుని వచ్చింది. నేను పంపలేదు, నేను చెప్పలేదు. ఊళ్ళో డాఫోడిల్స్ గురించి ఎవరికి బాగా తెలుసని పోస్టాఫీసులో అడిగిందట. జోరీ టోపీ చేత్తో పట్టుకుని, చర్చిలో నిలబడ్డట్టు నిలబడ్డాడు. బెవ్ టీ గది నుంచి పువ్వు తెచ్చింది. వాడు కళ్ళజోడు పెట్టుకుని గ్లాసు చుట్టూ తల తిప్పి తిప్పి చూశాడు.  జోరీ నాన్‌కారో నోట వెక్కిరింత రాకపోవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడటం అదే మొదలు.

"గింజ నుంచేనా?" అన్నాడు చివరికి.

"నా నెత్తి మీద పూస్తుందన్నావుగా."

"సోమవారం రంగు తిరిగింది ఇది. కంచె పక్కనుంచి రోజూ చూశా. ఆరోజే కోసెయ్యాల్సింది."

నాకు ఒళ్ళు మండింది. "చూశావా? చూసి కొయ్యలేదా? నేనిక్కడ పడున్నానని ఊరందరికీ తెలుసుగా!"

"నీ గొడుగు కిందుందే లవ్‌డే" అన్నాడు వాడు, అంతకన్నా చెప్పేదేముందన్నట్టు. "పాస్టరు గారి భార్య కూడా చూసింది. అయ్యో వాడిపోతుందే అనుకున్నాం ఇద్దరం. కానీ నీ గొడుగు కిందుంది. ముట్టుకోడానికి మనసెలా ఒప్పుద్ది?"

తిడదామంటే కుదరలేదు. ఎందుకంటే వాడి పువ్వైతే నేనూ ముట్టుకోను.

"కాడ పొట్టిదైంది" అన్నాడు జోరీ. డెనీస్ తల వంచుకుంది. "గ్లాసులో నాచు ఎత్తుగా కూరి నిలబెట్టొచ్చు. రేకులు కుంచెతో సరిచేస్తా. నా షెడ్డులో చల్లగా ఉంటుంది. ఇస్తావా?"

ఏ విభాగంలో నా పువ్వుందో అదే విభాగంలో వాడి పువ్వూ ఉంది. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే కదా అనుకున్నాను. కానీ వేరే దారేముంది? ఇచ్చాను. డెనీస్ గ్లాసు ఒళ్ళో పెట్టుకుని, జోరీ వ్యానులో ముందు సీట్లో, ఎత్తుపల్లాల దగ్గర గ్లాసు గాల్లోకి లేపి పట్టుకుని ఊరిదాకా వెళ్ళిందట. ఈ సంగతి తర్వాత జోరీ చెప్పాడు.

గురువారం భోజనాల వేళ వడగళ్ళు పడ్డాయి. ఆసుపత్రి కిటికీ అద్దాలు పగిలిపోతాయేమో అన్నంతగా. బఠాణీలు కావు, గోళీలు. ఎదురు మంచం ముసలావిడ ప్రార్థన మొదలుపెట్టింది. నేను పైకప్పుకేసి చూస్తూ మా ఊరి పెరళ్ళన్నీ తలచుకున్నాను. సముద్రపు గాలికి గొడుగులు తిరగబడి ఎగిరిపోయుంటాయి. నేల మీద మిగిలి ఉన్న డాఫోడిల్ అంటూ ఏదీ ఉండదు. ముందే కోసి దాచినవాళ్ళ పువ్వులే బతుకుతాయి. నా పువ్వూ ఆ బురదలో నలిగి ఉండాల్సింది. లేదు. జోరీ షెడ్డులో, చల్లగా, తడి నాచులో ఉంది. ఎవరివల్ల? పువ్వుల గురించి ఓనమాలు రాని, నా చేత నానా తిట్లూ తిన్న ఆడమనిషి వల్ల.

ఆ మధ్యాహ్నం నేను టీ తాగలేదు. బెవ్ వచ్చి నుదురు పట్టుకు చూసింది. జ్వరం లేదు. సిగ్గు.

శనివారం గడవడం మహా కష్టమైంది. న్యాయనిర్ణేత లోపల చూస్తున్నంతసేపూ హాలు తలుపులు మూసేస్తారు. మేమంతా బయట నిలబడి కుంకుమపువ్వు బన్నులు తింటూ, ఎవరికి వాళ్ళు తమది తప్ప మిగతా పువ్వులన్నీ గొప్పవని పొగుడుతుంటే వింటూ ఉంటాం. రెండింటికి తలుపులు తీస్తారు. ఆ మొదటి తోపులాటలో లేకపోవడం నాకు ఊహ తెలిశాక అదే మొదటిసారి.

సాయంత్రం రోగుల్ని చూడనిచ్చే వేళకి జోరీ వచ్చాడు. కోటూ, టై, పోటీ రోజు వేషం. ముఖం మాత్రం పీనుగు ఇంటి నుంచి వచ్చినవాడిలా ఉంది. జేబులోంచి రెండు చీటీలు తీశాడు. ఒకటి ఎర్రది, మొదటి బహుమతి. దాన్ని నాకు సరిగా చూపించకుండానే మళ్ళీ జేబులో కుక్కేశాడు. ఇంకోటి నీలం రంగుది, రెండో బహుమతి. దాన్ని నా దుప్పటి మీద పెట్టాడు.

"నాకే ఇచ్చాడే మొదటిది. సచ్చినోడు" అన్నాడు.

"న్యాయనిర్ణేతని తిడతావేంటి? గెలిచావుగా!"

"హాలు వంటగది కిటికీలోంచి చూస్తూనే ఉన్నా..."

"చూడకూడదు కదా."

"ముప్పై ఏళ్ళ నుంచి చూస్తున్నా, ఇప్పుడా చెప్పేది? విను. నీ పువ్వు ముందు ఆగిపోయాడు. కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. బల్ల చివరిదాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చాడు. అప్పుడు నాచు లోంచి కాడ పైకి తీసి చూశాడే, నేను బతిమాలి కూరిన నాచు! చూసి నిట్టూర్చి, నాది తీసి ముందు పెట్టాడు. ఇన్నేళ్ళలో గొంతుకి అడ్డంపడ్డ బహుమతి ఇదొక్కటే నాకు."

నీలం చీటీ తిప్పి చూశాను. ఉత్తినే స్థానం రాసి వదిలేసే న్యాయనిర్ణేత, వెనక పెన్సిలుతో రెండు వాక్యాలు రాశాడు. "ఈ బల్ల మీద ఇంతకన్నా అందమైన పువ్వు లేదు. కాడ పొట్టిదైంది."

"జనం వరస కట్టి చూశారే" అన్నాడు జోరీ. "బేకరీవాడు కూడా టోపీ తీశాడు. లవ్‌డేనా, గింజ నుంచా, అని ఒకటే గోల. నేనే చెప్పా అందరికీ. ఇన్నాళ్ళు వెక్కిరించింది కూడా నేనేనని చెప్పా."

"డెనీస్ రాలేదా?"

వాడు బొటనవేలితో తలుపుకేసి చూపించాడు. వార్డు తలుపు అద్దంలో దాని భుజం కనబడుతోంది. లోపలికి రమ్మంటే రానందట.

"అమ్మాయ్!" అని కేకేశాను. వార్డంతా ఉలిక్కిపడింది. "లోపలికి రా!"

వచ్చింది. నిన్న కొన్నట్టున్న పూల జాకెట్టు, వాచిన కళ్ళు. నేను తిడతానని రెండు చేతులూ ముందుకి కట్టుకుని నిలబడింది.

"నా వల్లే కదండీ. గ్లాసుకి సరిపోవాలని కత్తిరించా. లేకపోతే మీకే మొదటిది."

కోపం వస్తుందేమో అని నేనూ ఎదురుచూశాను. రాలేదు. ఎక్కడో ఓ మూల ఉన్నా లాక్కొద్దామని చూశాను, లేదు.

"విను డెనీస్" అన్నాను. "పువ్వుల గురించి తెలిసినవాళ్ళు ఈ ఊరినిండా ఉన్నారు. అందరూ నా కంచె పక్కనుంచి జేబుల్లో చేతులు పెట్టుకుని అయ్యో అనుకుంటూ పోయారు. ఇదిగో, వీడు కూడా. నేనైనా అంతే. నువ్వొక్కదానివే లోపలికెళ్ళి కోశావు. ఎందుకు కోశావు? ముసల్ది ఒంటరిగా గోడలు చూస్తూ పడుందని. కొయ్యకపోతే గురువారం వడగళ్ళలో పోయుండేది. ఆరేళ్ళు పెంచిన పువ్వుని నా కళ్ళతో నేను చూసుకునేదాన్నే కాదు. నీకు రుణపడి ఉన్నాను తల్లీ. ఈ మాట నా నోట ఇప్పటిదాకా ఎవరూ విన్లేదు. కావాలంటే జోరీనడుగు."

"విన్లేదు" అన్నాడు జోరీ. "మంచులో పాలబండి ఇరుక్కుపోతే అర మైలు తోశాను, ఆరోజు కూడా విన్లేదు."

"నీకూ రుణపడే ఉన్నాను, పో. బండికీ, నాచుకీ కలిపి."

వాడు టై సర్దుకుంటూ కిటికీ వైపు తిరిగాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు మంచిది కాదు. అయినా ఊరు నా పట్ల మంచిగానే ఉంది. ఇది నా గొప్పతనం కాదని ఒప్పుకోవడం మొదట్లో కష్టమనిపించింది గానీ, ఒప్పుకున్నాక చాలా తేలికగా ఉంది.

జోరీ మళ్ళీ నా మంచం వైపు తిరిగాడు. "అదీ... జూన్‌లో ఆకు పండాక దుంప తవ్వుతావుగా. పక్కన పిల్లదుంప ఉంటుంది. నలుగురైదుగురు అడిగారు. ముందు వరసలో నేనున్నానని చెప్పా."

కొత్త పువ్వుకి పుట్టిన మొదటి పిల్లదుంప అంటే మా వాళ్ళలో సామాన్యమైన సంగతి కాదు. దాని కోసం అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్ళున్నాయి. జోరీ అడగడమే నాకు పెద్ద బహుమతి.

"రెండోది నీకిస్తా" అన్నాను. "మొదటిది డెనీస్‌ది."

జోరీ డెనీస్‌కేసి వేలు చూపించాడు. "దీనికి పెరడైనా లేదే! గచ్చే కదా ఉంది!"

"పిల్లదుంప అంటే ఏంటండీ?" అని అడిగింది డెనీస్.

చెప్పాను. కిటికీ దగ్గర కుండీలో పెట్టుకోవచ్చా అంది. పెట్టుకోమన్నాను. కాస్త ఆలోచించి, నిజంగా తెలుసుకోవాలని, "మరి ఏ పక్క పైకి పెట్టాలండీ?" అంది.

జోరీ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. నాకు తుంటి నొప్పి పుట్టేంత నవ్వు వచ్చింది.

"మొన ఉన్న పక్క పైకి, అమ్మాయ్" అన్నాను. "తిరగేసి పెట్టినా ఏం కాదులే. దారి అదే వెతుక్కుంటుంది."